చిట్టీ తప్పనివాళ్లు చానల్ ఎందుకు వదిలేస్తారు?

హన్మకొండలోనో వరంగల్‌లోనో ఏ గల్లీలో అడిగినా చిట్టీ లేని ఇల్లు దొరకడం కష్టం. లక్ష రూపాయల చిట్టీ, 20 మంది సభ్యులు, 20 నెలలు, నెలకు 5 వేలు. మధ్యలో పిల్లల ఫీజులొస్తాయి, చెల్లెలి పెళ్లి వస్తుంది, ఆస్పత్రి ఖర్చు మీద పడుతుంది. అయినా తారీఖు దగ్గర పడేసరికి చిట్టీ డబ్బు ఎక్కడో ఒకచోట పుడుతుంది. అదే ఇంట్లో ఒక యూట్యూబ్ చానల్ కూడా ఉంటుంది. ఉగాదికి మొదలవుతుంది, బోనాల నాటికి ఆగిపోతుంది. 12 వీడియోలు, 140 మంది సబ్‌స్క్రైబర్లు, అందులో సగం చుట్టాలే. ట్రైపాడ్ బీరువా వెనక నిలబడి ఉంటుంది.

మనిషి ఒకడే, ఓపికా ఒకటే. ఒకచోట 20 నెలలు నిలిచిన ఓపిక ఇంకోచోట నాలుగు నెలలు కూడా ఎందుకు నిలవదు? ‘మనవాళ్లు ఆరంభశూరులు’ అనే పాత మాటతో చాలామంది ఈ ప్రశ్నను దాటేస్తారు. ఆ మాటే నిజమైతే చిట్టీలు ఎప్పుడో మూతపడాల్సింది. తేడా మనిషిలో కంటే చుట్టూ ఉన్న ఏర్పాటులో ఎక్కువ.

చిట్టీకి ఒక తేదీ ఉంటుంది. నెలకు ఎంతకు మించి కట్టక్కర్లేదో ముందే తెలుసు. ఆఖరి నెల ఏదో మొదటిరోజే తెలుసు. పాట రోజున తోటి సభ్యులు ఎదురుగా కూర్చుంటారు. కట్టకపోతే ఫోన్ వస్తుంది, ఆ తర్వాత మనిషే వస్తాడు. ముందే ఎత్తుకున్నవాళ్లకు జమానతు ఉంటుంది. రిజిస్టర్ అయిన చిట్టీల వెనక 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కూడా ఉంది. (చిట్టీలు మునిగిన కథలు ఓరుగల్లులో ఎవరిని అడిగినా చెబుతారు. ఇక్కడ మెచ్చుకుంటున్నది కట్టేవాళ్ల క్రమశిక్షణను, నడిపేవాళ్లందరినీ కాదు.) ఆన్‌లైన్ వ్యాపారంలో ఇవేవీ లేవు. మొదలుపెట్టడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, కాబట్టి ఆపేయడానికీ అక్కర్లేదు. నిజానికి ఎవరూ ‘ఈ రోజుతో ఆపేస్తున్నా’ అనుకుని ఆపరు. ఈ వారం కుదరలేదు, వచ్చే వారం రెండు కలిపి పెడదాం అనుకుంటారు. అలా మూడు వారాలు గడిచాక పేజీ తెరిచి చూడటానికే మొహమాటంగా ఉంటుంది.

పైగా ఇక్కడ పక్క దుకాణం ఎప్పుడూ కళ్లముందే ఉంటుంది. జేపీఎన్ రోడ్డులో బట్టల దుకాణం పెట్టినవాడు వచ్చే నెలలో దాన్ని తీసేసి హార్డ్‌వేర్ పెట్టలేడు. అద్దె, అడ్వాన్సు, సరుకు అతన్ని పట్టి ఉంచుతాయి. ఫోన్‌లో అయితే చీరల పేజీ నుంచి డ్రాప్‌షిప్పింగ్‌కి (సరుకు దగ్గర పెట్టుకోకుండా ఆర్డరు తీసుకుని వేరేవాళ్లతో పంపించడం), అక్కడి నుంచి అఫిలియేట్ లింకులకి (వేరేవాళ్ల సరుకు లింకు పెట్టి కమిషన్ తీసుకోవడం), అక్కడి నుంచి ట్రేడింగ్‌కి మారడానికి ఒక సాయంత్రం చాలు. ప్రతి మార్పూ కొత్త ఉత్సాహంతోనే మొదలవుతుంది. ప్రతిసారీ సున్నా నుంచే మొదలవుతుంది కూడా. ఏడాదిలో నాలుగు పనులు పట్టినవాడు ఏడాది అనుభవం వచ్చిందనుకుంటాడు. వచ్చింది మూడు నెలల అనుభవమే, నాలుగుసార్లు.

ఖాళీ నెలల లెక్క

ఎక్కువమంది వదిలేసే చోటు ఒకటి ఉంది. మొదటి ఉత్సాహం అయిపోయి, మొదటి ఆదాయం ఇంకా రాని మధ్య కాలం. దాని పొడవెంతో ముందే తెలిస్తే నిరాశ సగం తగ్గుతుంది. యూట్యూబ్‌నే తీసుకుందాం, ఎందుకంటే దాని షరతులు అందరికీ తెలిసేలా రాసి ఉంటాయి. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు గత 12 నెలల్లో 4000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్ (పొట్టి వీడియోలు) మీద ఆధారపడేవారికైతే ఆ గంటల బదులు 90 రోజుల్లో కోటి వ్యూస్.

4000 గంటలంటే 2 లక్షల 40 వేల నిమిషాలు. ఒక్కో ప్రేక్షకుడు సగటున 3 నిమిషాలు ఆగి చూస్తాడనుకుంటే 80 వేల వ్యూస్ కావాలి. వారానికి రెండు వీడియోల చొప్పున ఏడాదికి 104. ఒక్కో వీడియోకి సుమారు 770 వ్యూస్ వస్తే గట్టెక్కినట్టు. ఇది అసాధ్యమైన అంకేమీ కాదు. కానీ 12 వీడియోల దగ్గర ఆగినవాడు ఈ లెక్క వేసి ఉండడు. అతని మనసులో ఉన్న లెక్క వేరు: ‘ఒక్కటి వైరల్ అయితే చాలు’. లాటరీ టికెట్ కొన్నవాడి లెక్క ఇది, దుకాణం నడిపేవాడిది కాదు.

షరతులు దాటాక కూడా డబ్బు వెంటనే చేతికి రాదు. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం చానల్‌కు, మిగతాది యూట్యూబ్‌కు. ఖాతాలో 100 డాలర్లు పోగైతేనే బ్యాంకుకు పంపుతారు. చిన్న చానల్‌కు ఆ మొదటి వంద డాలర్లు పోగవడానికే నెలలు పట్టవచ్చు. ఇంకో నిబంధన చాలామంది చూడరు. ఆరు నెలలకు పైగా వీడియో గానీ పోస్టు గానీ పెట్టకుండా వదిలేస్తే, వచ్చిన అర్హతను కూడా తీసేసే అధికారం యూట్యూబ్‌కు ఉంది. చిట్టీలో చెప్పాలంటే ఎత్తుకున్నాక కూడా కట్టాల్సిందే.

‘21 రోజులు చేస్తే అలవాటైపోతుంది’ అని వాట్సాప్‌లో తిరిగే మాట కూడా ఈ కాలంలో మనుషుల్ని దెబ్బతీస్తుంది. 21 రోజులు చేస్తారు, 22వ రోజున కూడా బద్ధకంగానే ఉంటుంది, ‘ఇది నావల్ల కాదు’ అనుకుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. అందులో ఒక కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థాయికి రావడానికి పట్టిన కాలం సగటున 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. నీళ్లు తాగడం లాంటి తేలిక పని త్వరగా అలవడింది, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. అన్నిటికంటే పనికొచ్చే విషయం ఏమిటంటే, మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. వీడియో తీసి, ఎడిట్ చేసి, పెట్టడం నీళ్లు తాగడమంత తేలిక కాదు. కాబట్టి మూడు నెలలు దాటినా బద్ధకం వేస్తోందంటే లోపం మనిషిలో ఉందని కాదు. ఒకరోజు తప్పితే రెండో రోజు మొదలుపెట్టడమే అసలు పని. తప్పిన రోజుకు శిక్షగా వారమంతా మానేయడం మనకున్న వింత అలవాటు.

లంబాడిపల్లి చూపించేది, చూపించనిది

ఉత్తర తెలంగాణలో ఈ మాట ఎత్తగానే అందరూ చెప్పే ఉదాహరణ మై విలేజ్ షో. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి 2012లో శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టిన చానల్ అది. అప్పటికి జగిత్యాల ఇంకా జిల్లా కాలేదు, జియో రాలేదు. చౌకగా డేటా దొరకడం 2016 సెప్టెంబరు తర్వాతి మాట. అంటే పల్లెల్లో ఫోన్‌లో వీడియో చూడటం ఖరీదైన పనిగా ఉన్న రోజుల్లోనే ఈ చానల్ నడిచింది. పొలం పనులు చేసుకునే గంగవ్వ ఆ వీడియోల ద్వారానే అందరికీ తెలిసింది. 2020లో బిగ్‌బాస్ తెలుగు నాలుగో సీజన్‌కు వెళ్లేనాటికి ఆమె ఇంటింటి మనిషి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గంగవ్వను చూపించి ‘పట్టుదల ఉంటే చాలు’ అనడం సగం నిజమే. పట్టుదల ఉండి కూడా పైకి రాని చానళ్లు మన కంటికి కనపడవు. కనపడవు కాబట్టి లేవనుకుంటాం. లంబాడిపల్లి నుంచి నేర్చుకోవాల్సింది ‘నిలబడితే గెలుస్తాం’ అనే సూత్రం కాదు. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు. చూడాల్సింది వాళ్లు దేన్ని మార్చలేదు, దేన్ని మార్చుకున్నారు అన్నది. ఊరు, భాష, యాస అవే ఉన్నాయి. కథలు, మనుషులు మారుతూ వచ్చారు. చౌక డేటా వచ్చినప్పుడు ఇంటర్నెట్‌లోకి కొత్తగా అడుగుపెట్టిన లక్షలమంది పల్లె ప్రేక్షకులకు చూపించడానికి వాళ్ల దగ్గర నాలుగేళ్ల పని సిద్ధంగా ఉంది. గాలి ఎప్పుడు వీస్తుందో ఎవరికీ తెలియదు, వీచిన రోజున తూర్పారబట్టడానికి కల్లంలో వడ్లుండాలి.

ఒక పార్సిల్ కథ

నిలకడ వల్ల వచ్చే అసలు లాభం ఆదాయం కంటే ముందు వేరే రూపంలో వస్తుంది. వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీల (నూలు జంపఖానాల) ఉదాహరణతో చూస్తే అది బాగా తెలుస్తుంది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. పేరుంది, సరుకుంది, కాబట్టి ఇన్‌స్టాగ్రాంలో పేజీ పెట్టి నేరుగా అమ్మాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. అలా మొదలుపెట్టిన ఒక ఇంటిని ఊహించుకుందాం. మగ్గం ముందుగదిలో, ప్యాకింగ్ వెనకగదిలో. అంకెలు కూడా లెక్క అర్థం కావడానికి అనుకున్నవే.

దర్రీ అమ్మకపు ధర 900. నూలు, కూలి కలిపి 600. ప్యాకింగ్ 30, కొరియర్ 120. మిగిలేది 150. కాగితం మీద బాగుంది. మొదటి వారంలో 10 ఆర్డర్లు, అన్నీ క్యాష్ ఆన్ డెలివరీ. నాలుగు పార్సిళ్లు వెనక్కి వచ్చాయి. ఒకరు ఫోన్ ఎత్తలేదు, ఒకరు ఊళ్లో లేరు, ఇద్దరు ‘మేం ఆర్డరే పెట్టలేద’న్నారు. సొంతంగా కొరియర్ పెట్టుకుంటే వెనక్కి వచ్చిన ఒక్కో పార్సిల్‌కు ప్యాకింగ్ 30, పోను 120, రాను 120, మొత్తం 270 నష్టం. ఆరు అమ్మితే వచ్చింది 900, నాలుగు తిరిగొస్తే పోయింది 1080. పది ఆర్డర్లు వచ్చిన సంబరంలో 180 రూపాయలు చేతి నుంచి పడ్డాయి.

ఈ దశలో ఇద్దరు మనుషులు రెండు రకాలుగా తప్పు చేస్తారు. ఒకరు ‘ఆన్‌లైన్ మనకు అచ్చిరాదు’ అని పేజీ మూసేస్తారు. ఇంకొకరు ‘పట్టు వదలొద్దు’ అనుకుని వచ్చే వారం 20 పార్సిళ్లు అదే పద్ధతిలో పంపుతారు. రెండో మనిషిని లోకం మెచ్చుకుంటుంది గానీ అతను చేసింది నష్టాన్ని నిలకడగా పెంచుకోవడమే. మూడో దారి ఒకటుంది. పంపే ముందు ఫోన్ చేసి చిరునామా ఖాయం చేసుకోవడం, 100 రూపాయలు ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో అడ్వాన్సు తీసుకోవడం. అడ్వాన్సు అడగ్గానే కొన్ని ఆర్డర్లు జారిపోతాయి, ఆ మాట నిజమే. మిగిలిన వాటిలో పదికి ఒక్కటే తిరిగొచ్చే స్థాయికి వస్తే, తొమ్మిదింటి మీద 1350, పోయింది 270, చేతిలో 1080. సరుకూ అదే, ధరా అదే.

కొరియర్ బిల్లులో ఇంకో సంగతి దాగి ఉంటుంది. బరువు రెండు కిలోలే ఉన్నా ఆరు కిలోల చార్జీ పడుతుంది. కారణం వాల్యూమెట్రిక్ వెయిట్. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలా కొరియర్ సంస్థలు 5000తో భాగిస్తాయి. అసలు బరువు, ఈ లెక్కలో వచ్చిన బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. దర్రీని మడతపెట్టి 45×35×20 పెట్టెలో పెడితే 6.3 కిలోలు. అదే దర్రీని బిగించి చుట్టి 60×15×15 పెట్టెలో పెడితే 2.7 కిలోలు. రాత్రి పదింటికి వెనకగదిలో కూర్చుని, మోకాలితో అదిమిపట్టి దర్రీని చుట్టి టేపు వేసే మనిషికి ఈ తేడా ఏ కోర్సులోనూ ఎవరూ చెప్పి ఉండరు. ఇరవయ్యో పార్సిల్ దగ్గరో ముప్పయ్యో పార్సిల్ దగ్గరో బిల్లు చూసి కడుపు మండి తెలుసుకుంటాడు. ఐదో పార్సిల్ దగ్గర ఆగినవాడికి అది ఎప్పటికీ తెలియదు. వ్యాపారం అంటే ఇలాంటి చిన్న చిన్న ఎరుకలే. అవి వరసగా పని చేసేవాడికే దొరుకుతాయి, అదీ రాసిపెట్టుకునేవాడికి.

కాగితాల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పెద్ద ఈ-కామర్స్ వేదికల మీద వస్తువులు అమ్మాలంటే ఒకప్పుడు అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ నంబరు ఉండాల్సిందే. 2023 అక్టోబరు 1 నుంచి, రిజిస్ట్రేషన్ పరిమితి దాటని చిన్న అమ్మకందారులు సొంత రాష్ట్రం లోపలి అమ్మకాలకు ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో సరిపెట్టుకునే వీలొచ్చింది. ఆ వేదికల ద్వారా రాష్ట్రం దాటి పంపాలంటే మాత్రం సాధారణంగా నంబరు కావాలి. నంబరు తీసుకున్నాక ఒక్క ఆర్డరూ రాకపోయినా జీఎస్టీ రిటర్న్ (అమ్మకాల లెక్క చెప్పే పత్రం) వేయాలి. సున్నా రిటర్న్ ఆలస్యమైనా రోజుకు 20 రూపాయల చొప్పున లేట్ ఫీజు పడుతుంది. మధ్యలో వదిలేసిన వ్యాపారాలు కొన్ని ఇలా నిద్రలో కూడా ఖర్చు పెట్టిస్తుంటాయి.

క్యాలెండర్, ఇల్లు

ఆన్‌లైన్ పని అంటే ‘ఎప్పుడైనా ఎక్కడి నుంచైనా’ అని ప్రచారం చేస్తారు. వరంగల్‌లో ఉన్న మనిషికి క్యాలెండర్ అంత ఖాళీగా ఉండదు. బతుకమ్మ తొమ్మిది రోజులు, వెంటనే దసరా. మాఘంలో పెళ్లిళ్లు, ఏడాది విడిచి ఏడాది మేడారం. సంక్రాంతి తర్వాత మిర్చి కోతలు ఊపందుకుంటే పల్లెల్లో ఇంటికొక మనిషి చేలోనే ఉంటాడు. ఎనుమాముల మార్కెట్‌కు ఎర్ర బస్తాలు పోటెత్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో రైతు ఇంటి పిల్లాడిని ‘రోజూ ఒక రీల్ పెట్టు’ అంటే నవ్వుతాడు. ఇవన్నీ ముందే తెలిసిన తేదీలు. విచిత్రం ఏమిటంటే, వాటిని అడ్డంకులుగా లెక్కపెట్టేవాళ్లే ఎక్కువ, పనిలో భాగంగా వేసుకునేవాళ్లు తక్కువ. బతుకమ్మకు ముందు రెండు వారాలు కూర్చుంటే ఆ తొమ్మిది రోజులకు సరిపడా వీడియోలు తీసి షెడ్యూల్ చేసి పెట్టొచ్చు. చీరలు అమ్మేవారికైతే ఏడాదిలో అసలు సీజనే అది. రోజూ చేయలేని ఇంట్లో వారానికి రెండే చాలు, కానీ ఆ రెండు తప్పకూడదు.

ఇంకో పెద్ద అంతరాయం సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్. ఇక్కడ డిగ్రీ చదివిన ఇంట్లో గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్‌కో ప్రిపేరయ్యే మనిషి ఉండటం మామూలే. నోటిఫికేషన్ పడిందంటే చానల్, పేజీ, వెబ్‌సైట్ అన్నీ మూలకు పోతాయి. పరీక్ష వాయిదా పడితే మళ్లీ బయటికొస్తాయి. దీన్ని తప్పుపట్టడానికి లేదు. నెల జీతం, పెన్షన్, ఊళ్లో గౌరవం ఒకవైపు, 140 మంది సబ్‌స్క్రైబర్లు ఇంకోవైపు ఉంటే ఎవరైనా అదే చేస్తారు. అయితే రెండూ నడిపిస్తానని తనకు తాను చెప్పుకోవడం వల్ల రెండింటికీ నష్టం. పరీక్ష అయ్యేదాకా వారానికి మూడు గంటలు మించను అని ముందే అనుకున్నవాడికి కనీసం టెన్షన్ ఉండదు.

ఇక ఇంట్లో మాటలు. ‘పొద్దంత గా ఫోన్ వట్టుకొని ఏం జేస్తున్నవ్ రా?’ అని నాయిన అడిగే ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఉండదు కాబట్టి కోపం వస్తుంది. ఫోన్‌లో పనిచేసేవాడూ, ఫోన్‌లో కాలం గడిపేవాడూ బయటికి ఒకేలా కనిపిస్తారు. అందులో పెద్దల తప్పేం లేదు. గోడ మీద క్యాలెండర్‌లో పనిచేసిన రోజుకు ఒక టిక్కు పెట్టడం, నెలాఖరున ఖర్చూ రాబడీ రాసిన కాగితం అమ్మకు చూపించడం చిన్నపిల్లల చేష్టలా అనిపించవచ్చు. కానీ చిట్టీ పాసుబుక్కు చేసే పని అదే కదా.

నిలకడను అమ్ముకునేవాళ్లు

‘మధ్యలో వదిలేసేవాళ్లే ఓడిపోతారు.’ ఈ వాక్యాన్ని ఎక్కువగా వాడేది ఎవరో గమనిస్తే భయం వేస్తుంది. హన్మకొండ హోటల్ హాళ్లలో జరిగే గొలుసుకట్టు పథకాల మీటింగుల్లో టై కట్టుకున్న కుర్రాళ్లు కిందిస్థాయి సభ్యులకు చెప్పేది ఇదే. డబ్బు వస్తువు కొన్న కస్టమర్ నుంచి కాకుండా కొత్తగా చేరే సభ్యుడి నుంచి వస్తుంటే దాని పేరు వ్యాపారం కాదు. అలాంటి మనీ సర్క్యులేషన్ పథకాలను 1978 చట్టం నిషేధించింది. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా పిరమిడ్ పద్ధతిని ఒప్పుకోవు. అలాంటిచోట నిలకడ చూపించడమంటే ఇంకో పదిమంది చుట్టాలను ముంచడమే.

టెలిగ్రామ్‌లో వచ్చే ‘టాస్క్’ల మోసం ఇంకా సూటిగా ఉంటుంది. వీడియోలకు లైకులు కొడితే మొదట నిజంగానే 150, 200 రూపాయలు వేస్తారు. నమ్మకం కుదిరాక ప్రీపెయిడ్ టాస్క్ అంటారు, డిపాజిట్ కట్టమంటారు. స్క్రీన్ మీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది, తీసుకోబోతే పన్ను కట్టాలంటారు, ఇంకో టాస్క్ పూర్తి చేయాలంటారు. అప్పటికే పెట్టిన డబ్బు పోతుందన్న భయంతో మనిషి ఇంకా కడతాడు. మోసగాడు ఆడుకునేది ఆశ ఒక్కదానితోనే కాదు, మొదలుపెట్టింది పూర్తిచేయాలన్న మంచి గుణంతో కూడా. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ సొమ్ము ఖాతాలు మారకుండా ఆపే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

తప్పు అవకాశం అన్నిసార్లూ మోసమే కానక్కర్లేదు. సక్రమమైనదే అయినా, ‘నెలకు లక్ష’ అని చెప్పి 25 వేలకు కోర్సు అమ్మేవారి ఆదాయంలో పెద్ద భాగం ఎక్కడి నుంచి వస్తోంది అన్న ప్రశ్న వేసుకోవాలి. వాళ్లు నేర్పే పని నుంచా, నేర్పడం నుంచా? రెండోదే అయితే ఆ 25 వేలతో కొన్ని దర్రీలు కొని అమ్మి చూస్తే ఎక్కువ నేర్చుకోవచ్చు.

సొంత చిట్టీ

కట్టుబడి ఉండటం అనేది దేనికి అన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు కొంత స్పష్టమవుతుంది. ఆదాయానికి ఎవరూ కట్టుబడలేరు, అది మన చేతిలో లేదు. చేయాల్సిన పనికి కట్టుబడవచ్చు, అదీ ఒక గడువు దాకా. చిట్టీ ‘జీవితాంతం కట్టు’ అని అడగదు, 20 నెలలు అడుగుతుంది. 20వ నెల ఒకటి ఉంది కాబట్టే ఏడో నెల గట్టెక్కుతుంది.

ఆన్‌లైన్ పనికి కూడా ఇలాంటి కాగితం రాసుకోవచ్చు. ఆరు నెలలు. వారానికి 10 గంటలు. పెట్టుబడి 15 వేలు, దానికి మించి ఒక్క రూపాయి లేదు. వారానికి రెండు వీడియోలో, 15 పార్సిళ్లో, 30 ఫోన్ కాల్సో, పనిని బట్టి. ఆఖరి తేదీ ఇంగ్లిష్ క్యాలెండర్‌లో రాసి ఉండాలి. ఆ తేదీ వరకు ‘ఇది పనికొస్తుందా’ అన్న ప్రశ్న తలలోకి రానివ్వకూడదు. ఒక్క మినహాయింపు, మోసమని తేలితే ఆ రోజే ఆపేయాలి. ధర మార్చుకోవచ్చు, పెట్టె మార్చుకోవచ్చు, వీడియో నిడివి మార్చుకోవచ్చు. పని మార్చకూడదు. ఉద్యోగమో, పొలమో, దుకాణమో ఉన్నవాళ్లు దాన్ని వదిలేసి ఇందులోకి దూకడాన్ని కొందరు ధైర్యమంటారు. అప్పు తెచ్చి చిట్టీ కట్టినట్టే అది. రాబడి తొందర మీద పడ్డ మనిషి రెండో నెలకే పద్ధతులు మార్చడం మొదలుపెడతాడు.

చిట్టీలో ఉండి ఇక్కడ లేని అసలు వస్తువు తోటి సభ్యులు. దాన్ని కూడా ఏర్పాటు చేసుకోవచ్చు. వేర్వేరు పనులు చేస్తున్న ముగ్గురో నలుగురో నెలలో మొదటి ఆదివారం నక్కలగుట్టలోనో సుబేదారిలోనో ఒక చాయ్ హోటల్‌లో కలవాలి. ఎంత సంపాదించారని అడగకూడదు. ఆ మాట అడిగితే అందరూ అబద్ధం చెబుతారు. ‘చేస్తానన్నది చేశావా, ఫోన్ తియ్, చూపించు’ అనాలి. చేయనివాడు ఆ రోజు అందరి చాయ్ డబ్బులు కట్టాలి, 200 రూపాయలు డబ్బాలో వేయాలి. మొత్తం చిన్నదే. కానీ నలుగురి ముందు జేబులో చెయ్యి పెట్టడం ఎంత కష్టమో చిట్టీ కట్టే ఊరికి చెప్పనక్కర్లేదు.

ఆఖరి తేదీ నాడు కూర్చుని చూడాల్సింది మొత్తం లాభం కంటే దిశ. మొదటి నెలలో పదికి నాలుగు తిరిగొస్తే ఆరో నెలలో ఎన్ని? ఒకసారి కొన్నవాళ్లలో రెండోసారి కొన్నవాళ్లు ఎంతమంది? వీడియోను సగటున ఎంతసేపు చూస్తున్నారు? అంకెలు మెల్లగా అయినా పైకి వెళ్తుంటే ఇంకో ఆరు నెలల చిట్టీ వేయాలి. కదలకపోతే ఆపేయాలి. గడువు దాకా చేసి, లెక్క చూసి ఆపేసినవాడికీ మధ్యలో జారుకున్నవాడికీ తేడా ఉంది. మొదటివాడి దగ్గర నోటుబుక్కు ఉంటుంది, ట్రైపాడ్ బీరువా వెనక్కి పోదు. కెమెరా ముందు మాట్లాడటం, ఎడిటింగ్, కస్టమర్‌తో ఫోన్‌లో మాట్లాడే తీరు అతనికి వచ్చేసి ఉంటాయి. దసరా ముందు రీల్స్ చేసిపెట్టే మనిషి కోసం వెతికే బట్టల దుకాణాలు వరంగల్‌లో తక్కువేం లేవు.

ఆపడానికి కూడా ఒక పద్ధతుంది. ఒప్పుకున్న ఆర్డర్లు పంపేయాలి, అడ్వాన్సులు తిరిగివ్వాలి. జీఎస్టీ నంబరు ఉంటే రద్దుకు దరఖాస్తు పెట్టి, రద్దయిన తర్వాత మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్న్ వేయాలి. మిగిలిన 8 దర్రీలను అట్టపెట్టెల్లో ఉంచితే చెద పడుతుంది. వాటిని కొన్న ధరకే చుట్టాలకో, పక్కింటివాళ్లకో ఇచ్చేసి ఆ డబ్బు నోటుబుక్కులో ఆఖరి వరసలో రాసి, కింద గీత కొట్టొచ్చు.